పొయ్యి చెప్పే తప్పులు



మొన్న సంక్రాంతి వెళ్లిన మరువారం మా ఇంటావిడ పురిటి సాయానికి తాడేపల్లిగూడెంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లింది. దెందులూరు ఇంట్లో నేనొక్కడనే మిగిలాను. రెండవనాడు ఉదయం గ్యాసు సిలిండరు నిండుకున్నది. అటక మీద ఉన్న ఇండక్షన్ పొయ్యి దించి, తుడిచి, మా అమ్మగారి కాలంనాటి ఇత్తడి గిన్నెలో పాలు పోసి దాని మీద పెట్టాను. పొయ్యి మూడుసార్లు కీచుమన్నది. ముందున్న చిన్న గాజు కిటికీలో ఎర్రని అక్షరాలు వెలిగాయి: ఈ-0.

ముప్పయి ఐదేళ్లు బడిలో తెలుగు చెప్పినవాడను. ఎంత కఠినమైన సమాసమైనా విగ్రహవాక్యం చెప్పి విడదీయగలనని నాకొక గర్వం ఉండేది. ఈ రెండక్షరాల పదానికి అర్థం తోచలేదు. ఫోను చేస్తే ఇంటావిడ నవ్వి, "ఏమండీ, దానికి ఇత్తడి కనబడదు. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు గిన్నె పెట్టండి. ఈ-సున్న అంటే గిన్నె లేదని" అన్నది. శేరుంబావు పాలతో గిన్నె ఎదురుగా కూర్చుని ఉన్నా, పొయ్యి దృష్టిలో అక్కడ గిన్నె లేదన్నమాట!

ఆ సాయంత్రం స్టీలు గిన్నెలో అన్నానికి ఎసరు పెట్టాను. అది కాగక ముందే మళ్లీ కీచుమని ఈసారి ఈ-1 అన్నది. వీధి చివర మోటార్లు బాగుచేసే కుర్రవాడు, ఒకప్పుడు నా శిష్యుడే, వచ్చి చూసి "ఇది పొయ్యి తప్పు కాదు మేష్టారూ. లైన్లో వోల్టేజి లేదండి. అందరూ మోటార్లు కట్టేశాక మళ్లీ పెట్టండి, ఆయ్" అని వెళ్లిపోయాడు. రాత్రి తొమ్మిదింటికి అన్నం ఉడికింది.

తింటూ ఆలోచించాను. పొయ్యి తన తప్పు తానే చెప్పడం ఇప్పుడు కొత్తగా వచ్చిందా? లేక పూర్వపు పొయ్యిలూ చెప్పేవా? చెప్పి ఉంటే విన్నవారెవరు? ఆ ఆలోచన వెంట పడగా పోగైనదే ఈ టపా.

మా ఊరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నది. 2022 వరకు పశ్చిమ గోదావరి. ఉత్తరాన మెట్ట, దక్షిణాన పల్లం, ఆపైన కొల్లేరు. వేంగి రాజధానిగా వెలసిన పెదవేగి మాకు పొరుగే. శాలంకాయన రాజుల దానశాసనాలు అక్కడ రాగిరేకుల మీద దొరికాయి గనుక ఎవరికి ఏ భూమి ఇచ్చారో చెప్పగలుగుతున్నాము. ఆ దానం పుచ్చుకున్నవారి ఇళ్లలో పొయ్యి ఎలా ఉండేదో, ఏమి కాల్చేవారో ఎవరూ రేకు మీద చెక్కించలేదు. అన్నట్టు, ఆ రాగిరేకును తెచ్చి నా ఇండక్షన్ పొయ్యి మీద పెడితే దానికీ ఈ-0 అనే సమాధానం వస్తుంది.

నా చిన్నతనంలో, అనగా 1960లలో, మా ఇంట్లో మట్టి పొయ్యి ఉండేది. గిన్నె నిలవడానికి మూడు పొయ్యిగడ్డలు, ముందు కట్టెలు దోపే నోరు. అమ్మ ప్రతి ఉదయం పేడతో అలికి, ముగ్గు పెట్టి గానీ రాజేసేది కాదు. వంటచెరకు మా నేల ఇచ్చినదే: మెట్ట నుండి కంది కంప, తుమ్మ మొద్దులు, పల్లం నుండి కొబ్బరి మట్టలు, జీలుగు కట్టె, ఇంటి దొడ్డిలో తట్టిన పిడకలు, కొల్లేటి వైపు ఊళ్లలో ఎండు కిక్కిస. వరి పండే దేశం కనుక ఊకకు కొదవ లేదు. ఊకపొయ్యి అంటే రేకు డబ్బాకు అడుగున ఒక కంత. నడుమ ఒక సీసా నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, సీసా మెల్లగా తిప్పి పైకి తీస్తే గొట్టంలాంటి ఖాళీ మిగులుతుంది. అడుగున నిప్పంటిస్తే రెండు మూడు గంటలు నిలిచి కాలుతుంది.

ఈ పొయ్యిలకు దోషాలు లేవా అంటే, అడుగడుగునా ఉండేవి. అవి చెప్పే తీరు వేరు. కట్టె కొసన నురుగు కక్కి చిమచిమలాడితే లోపల తడి ఉన్నట్టు. మంట గిన్నె కిందికి పోకుండా పొయ్యి నోటి నుండి బయటకు నాలుక చాపితే బూడిద నిండి గాలి ఆడనట్టు. తెల్లని పొగ లేస్తే అంటుకోలేదని, నల్లని పొగ లేస్తే గాలి చాలలేదని. ఊకపొయ్యి ఒక పక్క ఎర్రబడి మరొక పక్క నల్లగా ఉండిపోతే దట్టించిన చెయ్యి ఒకవైపు వదులైనట్టు. ఊక లోపలికి కూలి ఆ రంధ్రం మూసుకుంటే ఆ పూట వంట అంతే. అమ్మ వెనుదిరిగి కూర తరుగుతూనే చప్పుడు విని కట్టె లోపలికి తోసేది, లేదా వెనక్కు లాగేది. ఒక్కమారు కూడా ‘దోషం’ అనే మాట ఆమె నోట రాలేదు. ఆ విద్యకు పుస్తకం లేదు. తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి చూపుతోనే సంక్రమించింది. మగవాళ్లం మేము ఆ బడిలో చేరనే లేదు.

అన్నిటికన్నా కఠినమైన సంకేతం సామెతలో నిలిచిపోయింది. పొయ్యిలో పిల్లి లేవలేదంటాము. నిప్పు లేని పొయ్యిలో పిల్లి పడుకున్నదంటే ఆ ఇంట తిండిగింజ లేదని అర్థం. ఆ తప్పును సరిదిద్దడం ఏ మరమ్మతుదారు వల్లా కాదు.

పొయ్యి చెప్పిన మరొక సంకేతం ఉన్నది. దానిని మేమెవ్వరం చదవలేదు. అది అమ్మ దగ్గు.

వంటింట్లో పొగ చేరినప్పుడు దగ్గడం సహజమనుకున్నాము. మబ్బు పట్టిన రోజున ఎక్కువ దగ్గేది. కొంగుతో కళ్లు ఒత్తుకుని ఊదుగొట్టం అందుకునేది. నేను వసారాలో కూర్చుని పరీక్షలకు చదువుకుంటూ, దగ్గు వినబడినప్పుడల్లా తలుపు దగ్గరకు వేసుకునేవాడిని.

ఆ పొగను శాస్త్రదృష్టితో చూసినవారు మన దేశంలో అప్పటికే ఉన్నారు. హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు పొగగొట్టం గల మట్టి పొయ్యిని రూపొందించి, లక్షలాది ఇళ్లకు పొగ లేని వంటిల్లు అందాలనే ఆశయంతో 1953లో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం ప్రకటించారు. ఆ పరిశోధనశాల ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో దానికి ‘హెర్ల్ చుల్హా’ అని పేరు వచ్చింది. దానికి కావలసినది మట్టి, ఒక గొట్టం, కాస్త శ్రద్ధ. మూడు దశాబ్దాల తరువాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి 2002 వరకు నడిపింది. మా ఇంటికి రాజు గారి పొయ్యీ రాలేదు, ప్రభుత్వపు పొయ్యీ రాలేదు. అడిగితే వచ్చేదేమో. అడగాలన్న తలంపు పుట్టాలంటే ముందు ఆ దగ్గు తప్పుగా వినబడాలి గదా. ఇళ్లలోని పొగ వలన 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 32 లక్షల మంది అకాలమరణం పొందారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

కిరసనాయిలు వచ్చాక పొయ్యి భాష కొంత మారింది. స్వీడను దేశంలో 1892లో పుట్టిన ప్రైమస్ రకానికి చెందినదే మన పంపు స్టౌ. దాని బుస్సుమనే ధ్వని వీధిలోకి వినబడేది. ఆ ధ్వని తగ్గి మంట పచ్చబడితే సన్నకంత పూడినట్టు, పిన్నుతో పొడవాలి. సరిగా వేడెక్కకుండా పంపు కొడితే నిలువెత్తు మంట లేచేది. ఆ తొందరలో చీరలంటుకున్న కథలు ప్రతి ఊరికీ ఉన్నాయి. వత్తుల స్టౌ నయం. ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం 1977లో తెచ్చిన ‘నూతన్’ స్టౌ తక్కువ కిరసనాయిలుతో ఎక్కువ వేడినిచ్చేది. వత్తులు హెచ్చుతగ్గులైతే పొగచూరి గిన్నె అడుగు నల్లబడేది. ఆ మసి దాని సంకేతం.

తరువాత గ్యాసు. బొంబాయిలో 1955లో బర్మా షెల్ ‘బర్షేన్’ పేరుతో, కలకత్తాలో 1965లో ఇండియన్ ఆయిల్ ‘ఇండేన్’ పేరుతో వంటగ్యాసు అమ్మకం ఆరంభించాయి. మా వంటి పల్లెలకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. మన రాష్ట్రంలో 1999లో వచ్చిన దీపం పథకం పేద మహిళల ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో ఉజ్వల దేశమంతటా ఆ పని చేసింది.

గ్యాసు పొయ్యి దగ్గర ఒక విశేషం గమనించాను. నీలిమంట పచ్చబడితే బర్నరు కంతలు శుభ్రం చేయాలన్నది పాత పద్ధతి సంకేతమే. గ్యాసు వాసన అలాంటిది కాదు. వంటగ్యాసుకు స్వతహాగా చెప్పుకోదగిన వాసన లేదు. కారితే తెలియాలని మెర్‌కాప్టన్ అనే దుర్గంధ ద్రవ్యాన్ని అందులో కలుపుతారు. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే ఊరిలో 1937 మార్చి 18న వాసన లేని సహజవాయువు బడి భవనం కింద చేరి పేలింది. దాదాపు మూడు వందల మంది, అత్యధికులు పిల్లలే, మరణించారు. వాయువుకు వాసన కలపడాన్ని తప్పనిసరి చేసే చట్టాలు ఆ తరువాతనే వచ్చాయి. అనగా మన వంటింట్లోకి మనిషి బుద్ధిపూర్వకంగా ప్రవేశపెట్టిన మొదటి దోషసంకేతాలలో అదొకటి. దాని వెనుక ఒక బడి నిండా పిల్లలున్నారు. ఉపాధ్యాయునిగా ఆ సంగతి తెలిసిన నాటి నుండి సిలిండరు వాసనను నేను చీదరించుకోలేదు.

ఇక ఇండక్షన్ పొయ్యి. దీనికి మూలమైన విద్యుదయస్కాంత ప్రేరణను ఫారడే 1831లో కనుగొన్నాడు. మారే అయస్కాంత క్షేత్రంలో ఉన్న లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి అది వేడెక్కుతుందని ఫూకో 1855లో చూపాడు. అమెరికాలో 1950లలో ఫ్రిజిడేర్ వారు తీగచుట్టకూ గిన్నెకూ నడుమ వార్తాపత్రిక ఉంచి, కాగితం కాలకుండా నీరు మరిగించి ప్రదర్శించారు. వెస్టింగ్‌హౌస్ సంస్థ 1971లో గృహనిర్మాతల సభలో పొయ్యిగా చూపింది. మన ఇళ్లకు అది వెల్లువగా వచ్చిన సందర్భం మాత్రం వేరు. 2012 సెప్టెంబరులో కేంద్రం రాయితీ సిలిండర్లను ఇంటికి ఏడాదికి ఆరింటికి పరిమితం చేసింది. ఆ పరిమితి 2013లో తొమ్మిదికి, 2014లో పన్నెండుకు పెరిగింది. ఈలోగా జనం ఇండక్షన్ పొయ్యిల కోసం కొట్ల ముందు నిలబడ్డారు. మా అబ్బాయి ఏలూరు నుండి మాది అప్పుడే తెచ్చాడు. విచిత్రమేమంటే ఆ ఏడాదే మన రాష్ట్రంలో కరెంటు కరువు. పరిశ్రమలకు వారంలో కొన్నిరోజులు సెలవులు, ఊళ్లలో గంటల తరబడి కోతలు. గ్యాసు చాలదని కరెంటు పొయ్యి కొంటే, దానికి కరెంటు లేదు! అది అటక ఎక్కడానికి అదే కారణం.

ఇప్పుడు సంకేతాల విషయానికి వస్తాను. పొయ్యి కిటికీలో ఒక్కొక్క అక్షరం ఏడు చిన్న వెలుగుగీతలతో ఏర్పడుతుంది. ఆ ఏడింటితో పది అంకెలూ వస్తాయి. రోమను అక్షరాలలో కొన్నే కుదురుతాయి; కె, ఎమ్, డబ్ల్యు వంటివి కుదరవు. ‘ఎర్రర్’ మొదటి అక్షరమైన ‘ఈ’ చక్కగా కుదురుతుంది. ఆ గీతలలో మన తెలుగు లిపికి చోటు లేదు, సున్న ఒక్కటి తప్ప. యూనికోడు పుణ్యమా అని ఇక్కడ తెలుగు రాసుకుంటున్న మనకు అది కొంత చివుక్కుమనిపించే సంగతే.

అంతకన్నా పెద్ద లోటు మరొకటి. ఈ సంకేతాలకు ఉమ్మడి నిఘంటువు లేదు. ఒక కంపెనీ పొయ్యిలో ఈ-1 అంటే వోల్టేజి తక్కువ. మరొక దానిలో అదే ఈ-1 లోపలి తాపమాపకం చెడినదని. నానార్థ పదమంటే నిఘంటువు చూసి, సందర్భం బట్టి అర్థం తీస్తాము. ఇక్కడ నిఘంటువు పెట్టె అడుగున వచ్చే ఇంగ్లీషు చీటీ. అది మొదటి నెలలోనే పోతుంది. అమెరికాలో 1996 నుండి అమ్మే కార్లన్నిటికీ దోషసంకేతాలు ఒకే పద్ధతిలో ఉండాలని నియమం పెట్టారు. పొయ్యికి ఆ భాగ్యం పట్టలేదు.

అంకెలు వేరైనా అర్థాలు మాత్రం కొన్నే. నా శిష్యుని అడిగి, రెండు మూడు చీటీలు పోల్చి చూసి తేల్చుకున్నవి ఇవి. మొదటిది, గిన్నె లేదనడం. లోపలి తీగచుట్టలో సెకనుకు ఇరవై వేలకు మించిన ఆవృత్తితో కరెంటు మారుతుంది. ఇనుము జాతి అడుగు ఉంటేనే అది సరిగా వేడెక్కుతుంది. ఇత్తడి, రాగి, సత్తు గిన్నెలలో నిరోధం చాలదు. మట్టి దాకలో, పులుసు కాచుకునే రాచ్చిప్పలో కరెంటు పుట్టనే పుట్టదు. అడుగు మరీ చిన్నదైనా, వంకరైనా, పక్కకు జరిగినా ఇదే మాట. రెండవది, వోల్టేజి తగ్గినదనో పెరిగినదనో చెప్పడం. ఇంటికి రావలసినది 230 వోల్టులు. 2000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. కనుక ఫ్యాను, దీపం పెట్టే చిన్న ప్లగ్గులో, పొడవాటి ఎక్స్‌టెన్షన్ తీగ చివర పెట్టకూడదు. 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. మూడవది, వేడి మితిమీరినదనడం. ఖాళీ గిన్నె మాడినా, అడుగున ఉన్న ఫ్యానుకు దుమ్ము పట్టినా, గాలి కంతలు గోడకు ఆనుకున్నా వస్తుంది. ఆపి, చల్లారనిచ్చి, కంతలు తుడిస్తే తరచు పోతుంది. నాల్గవది, లోపలి తాపమాపకం తెగినదని. ప్లగ్గు తీసి పది నిమిషాలాగి పెట్టినా అదే అంకె వస్తే తెలిసినవారికి ఇవ్వాలి. మనం మూత విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

1969 జూలై 20న అపోలో-11 నౌక చంద్రునిపై దిగుతుండగా దాని కంప్యూటరు 1202 అనే సంకేతం చూపింది. లోపలి వ్యోమగాములకు దాని అర్థం తెలియలేదు. హ్యూస్టనులో జాక్ గార్మన్ అనే యువ ఇంజనీరు అటువంటి సంకేతాలన్నిటినీ ముందుగానే చేతితో ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. ఆ కాగితం ఉండబట్టి ప్రమాదం లేదని వెంటనే చెప్పగలిగారు. యంత్రం ఎంత గొప్పదైనా పక్కన ఒక చీటీ, దానిని చదివే మనిషి కావాలన్నమాట.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. 1980లలో ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో జీతం కూడబెట్టి సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు ఒక్కొక్కటిగా కొన్నాను. అమ్మ వాటికి పసుపు బొట్టు పెట్టి బీరువాలో సర్దింది. అదే కాలంలో గ్యాసుకు పేరు రాయించుకుంటే వరుసలో ఏళ్లు పట్టేది. నేను రాయించనే లేదు. 1991లో గానీ మా ఇంటికి గ్యాసు రాలేదు. అప్పటికే అమ్మకు ఆయాసం స్థిరపడింది. ఆసుపత్రికి తీసుకువెళితే డాక్టరు ఆమె చుట్ట కాలుస్తుందా అని నన్నడిగాడు. లేదన్నాను. "కట్టెల పొయ్యి దగ్గర ఎన్నేళ్లు వండారమ్మా?" అని ఆమెనే అడిగాడు. "లెక్క ఎవరు పెట్టారు బాబూ" అన్నది. లెక్క పెట్టవలసినవాడను పక్కనే ఉన్నాను. పదాలకు అర్థాలు వెతకడానికి అన్ని సంపుటాలు కొన్నవాడను, గోడ అవతల ఇరవై ఏళ్లు వినబడిన ఒక్క దగ్గుకు అర్థం వెతకలేదు. ఆ తరువాత ఎనిమిదేళ్లు ఉండి వెళ్లిపోయింది.

అందుచేత నాకు ఈ కీచుమనే పొయ్యి మీద కోపం లేదు. ఇత్తడి గిన్నెను గుర్తించదు, తెలుగు రాదు, సాయంత్రమైతే అలుగుతుంది. అయినా తప్పు జరిగితే వినేవరకూ చెబుతుంది, ఎవరికైనా చెబుతుంది. పాత పొయ్యి తన తప్పు చెప్పింది అమ్మ ఒంటి మీద.

మరునాడు పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద మా పొయ్యి సంకేతాలన్నీ తెలుగులో రాసి వంటింటి గోడకు అంటించాను. ‘ఈ-0: గిన్నె ఆనలేదు. ఈ-1: కరెంటు నీరసం’ అని. పది రోజులకు ఇంటావిడ తిరిగి వచ్చి అది చదివి, "ఇవన్నీ నాకు తెలిసినవే గదండీ" అన్నది. నాకోసమని చెప్పాను. ఇత్తడి గిన్నె గ్యాసు పొయ్యి మీదికి చేరింది.

చదువరులకొక మనవి. మీ అమ్మమ్మలు, నాయనమ్మలు పొయ్యి రాజుకోకపోతే, పొగచూరితే, ఊక కూలితే ఏ మాటలనేవారో మీ ఊరి పేరుతో సహా వ్యాఖ్యలలో రాయండి. నా దగ్గర ఉన్న సంపుటాలలో వాటికోసం వెతుకుతున్నాను. చాలా మాటలు దొరకడం లేదు. ఆ మాటలు తెలిసినవారు మన ఇళ్లలో ఇంకా కొందరున్నారు. వారి దగ్గర కూర్చుని అడిగేటప్పుడు, వారు దగ్గుతున్నారేమో అది కూడా వినండి.